లే బై! లారీ ఆపుకోవాలనుకునే వారికి ఉచిత సలహాలు

నేను లారీ నడపలేదు. క్లీనరుగా కూడా ఎక్కలేదు. అయితే ఏటా సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ దాకా, 65వ నంబరు జాతీయ రహదారి మీద, లారీల వెనక కార్లో హారన్ కొట్టుకుంటూ వెళ్తాను. డ్రైవరన్నలకు నాలుగు మంచిమాటలు చెప్పడానికి ఆ అర్హత చాలనుకుంటాను.

అన్నా, ముందు నిద్ర సంగతి. నిద్ర వచ్చినప్పుడు కాదు, చోటు దొరికినప్పుడు పడుకోవడం అలవాటు చేసుకో. పొద్దున పదకొండింటికి లారీలు నిలిపే చోట ఖాళీ ఉంటుంది. నీకు అప్పుడు నిద్ర రాదంటే తప్పు నీదే. రాత్రి రెండింటికి సూర్యాపేట దాటాక కళ్ళు మూతలు పడుతున్నాయా, అప్పటికి ఆ చోటంతా నిండిపోయి ఉంటుంది. టీ తాగు. మొహం కడుక్కో. కోదాడ వెళ్ళి చూడు. అక్కడా లేకపోతే జగ్గయ్యపేట ఉండనే ఉంది. నిద్ర ఎక్కడికీ పోదు, నీతోపాటే వస్తుంది.

రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదనీ, అయిదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ 1961లో చేసిన చట్టం 2025 దాకా చెబుతూ వచ్చింది. రాత్రి మకాం చేసే చోట యజమానే విశ్రాంతి గదులు చూపించాలని కూడా అందులో రాశారు. అయిదుగురికి తక్కువ మంది పనిచేసే చోట ఆ చట్టం వర్తించదన్న సంగతీ రాశారు. ఒక్క లారీ ఉన్న ఓనరుకు అంత ఊరట ఇంకెక్కడ దొరికేది? సరుకుకు మాత్రం లెక్క పక్కాగా ఉంది. ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. సిమెంటు బస్తా ఆలస్యమైతే అడిగేవాళ్ళుంటారు కాబట్టి నువ్వు బస్తాను చూసి నేర్చుకో.

రోడ్డు పక్కన 'ట్రక్ లే బై' అని బోర్డు కనిపిస్తే అది లారీలు ఆగే చోటని కొందరు పొరబడుతున్నారు. తెలంగాణలో ఎవరినైనా అడగండి. 'లే బై' అంటే పండుకున్నోణ్ణి లేవమనే. బోర్డు పెట్టినవాళ్ళు ఇంత స్పష్టంగా తెలుగులో చెప్పాక కూడా అక్కడ పడుకోవడం భావ్యం కాదు.

తప్పనిసరై రోడ్డంచునే ఆపావనుకో. వెనక ఇండికేటర్లు వేయకు, బ్యాటరీ దిగిపోతుంది. రేడియం స్టిక్కరు మీద బురద తుడవకు, వానొస్తే అదే పోతుంది. బండి వెనక నాలుగు పెద్ద రాళ్ళు, ఒక వేపకొమ్మ పెట్టు. వెళ్ళేటప్పుడు కొమ్మ తీసేసినా రాళ్ళు అక్కడే వదిలెయ్యి, వెనకొచ్చే బైకువాడి పనిపడతాయి. కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే ప్రమాదాల నివేదికలో 'ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొట్టడం' అని విడిగా ఒక వరుసే ఉంది. వరుస ఉన్నాక అందులో అంకె పడాలి కదా.

డీజిలు దొంగలకు భయపడితే క్లీనర్ని ట్యాంకు పక్కన పడుకోబెట్టు. జీతం మిగులుతుందని ఓనరు క్లీనర్ని మాన్పించేశాడా, అయితే నువ్వే పడుకో. ఒక కన్ను స్టెప్నీ మీద, ఒక కన్ను పట్టా తాళ్ళ మీద ఉంచి హాయిగా నిద్రపో. డాబా ముందు ఆపితే కాస్త నయం. కాకపోతే అక్కడ అన్నం తిన్నవాడికే చోటు. పడుకోవాలనిపించినప్పుడల్లా తిను.

స్నానం, దొడ్డి సంగతులు మర్యాదస్తులు చదివే చోట రాయడం బాగుండదు.

ఇక ఇదంతా ఎవరు సరిచేయాలన్న ప్రశ్నకు వద్దాం. ఇది అధికారులకు. మీరు మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ బట్టీపట్టండి. బండ్లు నిలిపే చోట్లను రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించవచ్చు. జాతీయ రహదారుల సంస్థ కూడా నిర్ణయించవచ్చని 2019లో కలిపారు. ఈ 'వచ్చు'ను వదలకండి. 'వచ్చు' అన్నచోటికి ఎవరూ రానక్కర్లేదు. మున్సిపాలిటీ రాష్ట్రాన్ని చూపాలి, రాష్ట్రం రహదారుల సంస్థను చూపాలి, రహదారుల సంస్థ భూమి ఇవ్వని రాష్ట్రాన్ని చూపాలి. ఫైలు ఒక చుట్టు తిరిగొచ్చేలోపు మీకు బదిలీ అయిపోతుంది. అదే చట్టం 122వ సెక్షన్లో డ్రైవరు దగ్గరికొచ్చేసరికి, అడ్డంగానో ప్రమాదకరంగానో బండి నిలపకూడదు అన్నారు. పైవాళ్ళకు వచ్చు, కిందివాడికి కూడదు. తెలుగు క్రియల అందం పూర్తిగా తెలియాలంటే వ్యాకరణం కాదు, ఈ రెండు సెక్షన్లు చదవాలి.

పొరపాటున ఎక్కడైనా కట్టేశారనుకోండి, కంగారు పడకండి. హైదరాబాదు దగ్గరి బాటసింగారంలో లారీల కోసమని లాజిస్టిక్స్ పార్కు కట్టి, 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును అక్కడికి పంపించారు. బత్తాయిలకూ చోటు కావాలిగా.

ఫ్యాక్టరీల వాళ్ళనూ, గోడౌన్ల వాళ్ళనూ మాత్రం ఈ గొడవలోకి లాగకండి. నిజానికి ఎవరూ లాగడం లేదు, అందుకు సంతోషం. పొద్దున ఆరింటికి రమ్మన్న పార్టీ తొమ్మిదింటికి గేటు తీసి, సాయంత్రం నాలుక్కి కాటా వేయించి, హమాలీలు వెళ్ళిపోయారు రేపు రమ్మంటాడు. లోపల పచ్చిక ఎకరాల కొద్దీ ఉంటుంది, అది చూడ్డానికి. ప్రహరీ బయట ప్రభుత్వం వేసిన రోడ్డు ఊరికే పడుంది, అది లారీ ఆపడానికి. గోడౌను అద్దె ఇలా మిగిలిందని ఆయన బయటికి చెప్పుకోడు. హాల్టింగు డబ్బులడిగితే అలుగుతాడు, కాబట్టి అడగకు అన్నా.

నేనూ రోడ్డు కష్టం ఎరిగినవాడినే. నిరుడు పండక్కి వెళ్తూ నందిగామ దగ్గర పిల్లలు ఆకలన్నారు. ఆపుదామంటే లారీలు నిలిచే చోటంతా లారీలే! రోడ్డంచునే ఆపాను. మాది చిన్న కారు, పది నిమిషాల పని. వెనక టైరు దగ్గర ఎవడో వదిలేసిపోయిన రాయి ఉంటే కాలితో నెట్టి, పులిహోర డబ్బా మూత తీశాం. వెనక నుంచి లారీవాడొకడు ఒకటే హారన్. ఈ మనుషులకు రోడ్డు మర్యాద ఎప్పుడొస్తుందో.