డాక్టరు గారి బండి

పల్నాడులో పాత కారు బేరానికి వెళితే ముందు చూపించేది కారును కాదు, ఓనరును. "డాక్టరు గారి బండి బాబాయ్! ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి, అంతే" అంటాడు బ్రోకరు. డాక్టరు గారు దొరకని రోజున లెక్చరర్ గారుంటారు, బ్యాంకు మేనేజరు గారుంటారు. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా చేతులు మారిన డాక్టర్ల బండ్లన్నీ నిజంగా డాక్టర్లవే అయితే, ఒక్కో డాక్టరు ఇంటి ముందు అరడజను కార్లుండాలి. పొద్దున్నే ఏది ఎక్కాలో ఆయన చీటీలు వేసి తేల్చుకోవాలి. మిర్చి టిక్కీల వెంట యార్డుకు తిరిగిన కారు, నాపరాళ్ల క్వారీకి పరుగెత్తిన కారు, ఎన్నికల్లో మూడు మండలాలు చుట్టిన కారు ఈ జిల్లాలో అమ్మకానికే రావేమో. వచ్చినా, బ్రోకరు చేతిలో పడగానే ఎంబీబీఎస్ పాసవుతాయి.

ఓనరు తర్వాత మీటరు. పన్నెండేళ్ల డీజిలు బండి, మీటరు మీద 48 వేల కిలోమీటర్లు. అంటే రోజుకు 11. రోజుకు 11 కిలోమీటర్లు తిరిగే మనిషి ఎక్కువ డబ్బు పోసి డీజిలు బండి ఎందుకు కొన్నాడని అడిగేవాడు ఉండడు. బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగింది, స్టీరింగు చేతులు పట్టే చోట మెరుస్తోంది, గేరు రాడ్డు మీది అంకెలు చెరిగిపోయాయి. బండిలో వయసు తగ్గింది మీటరుకొక్కదానికే. అంకెల చక్రాల మీటర్ల కాలంలో దాన్ని వెనక్కి తిప్పడానికి చేతిపని తెలియాలి. ఇప్పుడు వైరు తగిలించి అంకె కొడితే చాలు, ఎన్ని కిలోమీటర్ల పాపమైనా కడుక్కుపోతుంది.

ఈ గడ్డ మీద ఎద్దును ఇలా కొన్నవాడు లేడు. ఒంగోలు గిత్తను బేరమాడే రైతు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, కాడి కట్టి నడిపించి గిట్ట ఎలా పడుతోందో చూస్తాడు. అమ్మేవాడు వైద్యుడా, వకీలా అని అడగడు. ఆ రైతు మనవడు మూడు లక్షలు చేతపట్టుకుని బానెట్ ఎత్తమనడానికి మొహమాటపడతాడు. నిజానికి కారుకూ పళ్లుంటాయి. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు కనబడతాయి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో తయారైన టైరు. "నిరుడే కొత్త టైర్లు వేయించాం" అన్న మాటను అబద్ధమని తేల్చడానికి ఆ అంకెలు చాలు.

ఇక బండి పుట్టుపూర్వోత్తరాలు. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటను బలపరిచింది. అక్కడ చెల్లని బండ్లు ఎన్‌వోసీ చేతపట్టుకుని మిగతా రాష్ట్రాలకు బయల్దేరాయి. రాజధాని గాలికి పనికిరానిది మన గాలికి "షోరూం కండిషన్" అయిపోయింది. దూరం ఎందుకు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. కార్లూ ఉన్నాయి. వరద తీసేసినా వైరింగులో చేరిన చెమ్మ అంత తొందరగా తీయదు. ఇవాళ హారన్ ఆగుతుంది, రేపు అద్దం దిగనంటుంది, ఎల్లుండి బండే కదలనంటుంది. వరద మరకను కప్పడానికి కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీద గుబాళించే సీసా. కవర్లను మెచ్చుకోవడం మాని సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బెల్టు మొదట్లో దాగిన బురద చారను తుడవాలని అందరికీ తోచదు.

కొన్నాక మొదలయ్యేది వేడి. పల్నాడు నేల కింద ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల నాపరాళ్లు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ దాని చలవే. బోరు నీళ్లలోనూ అదే కరిగి ఉంటుంది. కూలెంట్ పోయాల్సిన రేడియేటర్‌లో ఏళ్ల తరబడి ఆ నీళ్లు పోస్తూపోతే సన్నటి గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, వేడి బయటికి పోయే దారి మూసుకుంటుంది. అసలే రెంటచింతల ఎండ! టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను తాకగానే మన వైద్యం థర్మోస్టాట్ పీకెయ్యడం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్లను రేడియేటర్‌కు పోనీయకుండా ఆపి, వేడెక్కాక వదిలే చిన్న వాల్వు అది. దాన్ని తీసేస్తే నాలుగు రోజులు ముల్లు దిగుతుంది. పూడిన గొట్టాలు మాత్రం పూడే ఉంటాయి. ఒక మధ్యాహ్నం హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఆయిల్లో నీళ్లు కలుస్తాయి, సైలెన్సర్ తెల్లటి పొగ వదులుతుంది. కూలెంట్ డబ్బాకు బేరమాడిన మనిషి అప్పుడు ఇంజను దింపడానికి బేరమాడతాడు.

"చిన్న పనే అన్నా" అన్న మాట వినబడేది ఇక్కడే. ఫ్యాను చిన్న పనే, వాటర్ పంపు చిన్న పనే, క్లచ్ ప్లేటు చిన్న పనే. చిన్న పనులన్నీ కూడి చూస్తే ఇంకో పాత కారొస్తుంది. అలాగని మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. "ఎంతలో అయిపోతుంది?" అని అడిగేవాళ్లే గానీ "ఎందుకు పోయింది?" అని అడిగేవాళ్లు ఆయన షెడ్డుకు రారు. అడిగినదానికే ఆయన జవాబు చెబుతున్నాడు.

ఈ మధ్య అన్నిటికీ ఒకే జవాబు దొరికింది: ఇథనాల్. పెట్రోలులో దాని వాటా 2025లో 20 శాతానికి చేరింది. కొన్ని పాత బండ్లలో రబ్బరు సామాను, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. అంతవరకు న్యాయమే. కానీ వైపరు తిరగకపోయినా ఇథనాలే, తలుపు కిర్రుమన్నా ఇథనాలే. డీజిలు బండి స్టార్టు కాకపోయినా "అదేదో కలుపుతున్నారంట కదన్నా" అంటున్నారు.

కాగితాల కథ ఇంకా ముచ్చటైనది. బండి నాలుగు చేతులు మారుతుంది, ఆర్సీలో పేరు మాత్రం మారదు. ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు బండితోపాటే ఊళ్లు తిరుగుతాయి. ఇలాగే చేతులు మారుతూపోయిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం కంటికి వాళ్లే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం భారం వాళ్లదే. కాబట్టి ఆ డాక్టరు గారు నిజంగా ఎక్కడైనా ఉంటే, నిద్ర పట్టకుండా ఉండాల్సింది ఆయనకే. కొన్నవాడి చిక్కు వేరు. కారుకు పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువలు చేయించాలి. 600 ఉన్న ఆ ఫీజును 2022 ఏప్రిల్లో 5,000 చేశారు. పేరు మార్చుకోనివాడు ఆ రోజున డాక్టరు గారి కోసం ఊరూరా వెతుక్కోవాలి.

చట్టం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని, తన దగ్గరున్న బండి ఎందుకు కదిలింది, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని రిజిస్టరు రాయాలని 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. వేపచెట్టు కింద నిలబడిన మన బ్రోకరుకు ఆఫీసే లేదు, రిజిస్టరెక్కడ పెడతాడు? ఆయన ఆస్తి రెండు ఫోన్లు, నాలుగు వాట్సాప్ గ్రూపులు, ఎప్పటికీ ఊళ్లో ఉండని ఒక డాక్టరు.

అందుకని ఓనరు చదువు అడగడం మానండి. సర్వీసు రసీదులు అడగండి. ఎన్నో ఓనరు, ఫైనాన్సు తీరిందా, ఇన్సూరెన్సు ఉందా అన్నది ఎంపరివాహన్ యాప్‌లో మీరే చూసుకోండి. మీరు వెళ్లేసరికి స్టార్టు చేసి ఉంచిన బండిని నమ్మకండి. బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉంటేనే తాళం అడగండి. అప్పుడు నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, మే నెల మిట్టమధ్యాహ్నం కోటప్పకొండ ఘాట్ రోడ్డు పట్టించండి. ముల్లు సగం దాటకుండా పైకి చేరితే అది ఎవరి బండైనా ఫరవాలేదు, రౌడీషీటర్‌దైనా కొనండి. "ఈ ఎండలో కొండెందుకు బాబాయ్, సాయంత్రం పేటలో ఒక రౌండేద్దాం" అని బ్రోకరు అన్నాడా, అక్కడే దిగి కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకోండి. మెట్టు ఎక్కకుండానే త్రికోటేశ్వరుడు మీకు మూడు లక్షలు మిగిల్చాడు.