వేరు దాకా: ఒక వేప యూరియా గింజ ఆత్మకథ

నేను యూరియా గింజను. అడ్డంగా కొలిస్తే రెండు మిల్లీమీటర్లు ఉండేదాన్ని. ఇప్పుడు నాకు గింజ రూపం లేదు. కరీంనగర్ జిల్లాలో, కాకతీయ కాలువ కింద ఒక మడిలో, యాసంగి వరి ఆకులో ఉన్నాను. నేనంతా ఇక్కడే లేను. నాలో కొంత గాలిలో కలిసింది, కొంత మట్టిలో ఆగింది, మిగిలింది ఈ ఆకుకు చేరింది. ఏ భాగం ఎటు పోయిందో, ఎందుకు పోయిందో రైతుకు చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

నా మూలం గాలి. గాలిలో 78 శాతం నత్రజనే. ప్రతి పొలం మీదా అంత నత్రజని ఉన్నా వరి మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధాలతో పెనవేసుకుని ఉంటాయి. ఆ ముడి విప్పి అమ్మోనియాగా మార్చే పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చాడు. 1913లో ఒప్పావ్‌లో ఉత్పత్తి మొదలైంది. యూరియా కథ అంతకన్నా పాతది. జీవుల శరీరంలోనే పుడుతుందని అందరూ నమ్మిన ఈ పదార్థాన్ని 1828లోనే ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో తయారుచేశాడు.

నేను పుట్టింది గోదావరి పక్కన, రామగుండంలో. బొగ్గుతో ఎరువు తయారుచేసిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. అదే ఊళ్లో సహజ వాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీయగలిగే కర్మాగారమది. పైపులైనులో వచ్చిన వాయువు నుంచి హైడ్రోజన్, గాలి నుంచి నత్రజని తీసి అమ్మోనియా చేస్తారు. ఆ పనిలో వెలువడే బొగ్గుపులుసు వాయువును మళ్లీ అమ్మోనియాతో కలుపుతారు. 180 డిగ్రీలు దాటిన వేడిలో, వాతావరణ పీడనానికి నూట యాభై రెట్ల ఒత్తిడిలో అవి రెండూ కలిసి యూరియా అవుతాయి. కరిగిన ఆ ద్రవాన్ని ఎత్తైన గోపురం పైనుంచి జల్లుతారు. కింది నుంచి ఎగదన్నే గాలికి చల్లబడుతూ, నేల చేరేలోగా నేను గింజనయ్యాను. నా బరువులో 46 శాతం నత్రజనే. ఇంత నత్రజనిని మోసే ఘన ఎరువు రైతు చేతిలో మరొకటి లేదు.

బస్తాలోకి వెళ్లేముందు నా మీద వేపనూనె చల్లారు. టన్ను యూరియాకు కనీసం 350 గ్రాముల వేపనూనె ఉండాలన్నది నిబంధన. చూడడానికి అది చాలా తక్కువ. దాని వెనక ఉన్న శ్రమ మాత్రం చిన్నది కాదు. 1970ల ఆరంభంలోనే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో రాజేంద్ర ప్రసాద్, ఆయన సహచరులు వేపపిండి కలిపిన యూరియాతో వరి మీద ప్రయోగాలు చేశారు. 2004లో వేప పూత యూరియా ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చోటు సంపాదించుకుంది. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ ఈ పూత తప్పనిసరైంది. పొలానికి రావాల్సిన సబ్సిడీ యూరియా ప్లైవుడ్ జిగురుకూ ఇతర పరిశ్రమలకూ దారి మళ్లకుండా చూడడం కూడా ఆ నిర్ణయంలో భాగమే.

రామగుండం నుంచి లారీలో సొసైటీకి వచ్చాను. ఆధార్ చూపి, యంత్రం మీద వేలిముద్ర వేసి ఒక రైతు మా బస్తా తీసుకున్నాడు. 45 కిలోల బస్తా, ధర 266 రూపాయల 50 పైసలు. మా అసలు ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. కొరత పడిన సీజన్లలో ఇలాంటి సొసైటీల ముందే రైతులు చెప్పులు వరుసలో పెట్టి గంటల తరబడి కాచుకున్నారు. అంత కష్టపడి తెచ్చుకున్న దానిలో వరికి దక్కేది మామూలుగా 30 నుంచి 40 శాతమే. నా బాధంతా అక్కడే ఉంది.

ఆ రైతు ఇంట్లో ముసలి తల్లి ఉంది. బస్తా దించుతుంటే అరుగు మీంచి అడిగింది.

"ఎనుకట మేం యూరియాల యాపపిండి కలిపి, రెండు రోజులు నీడకు పెట్టి సల్లేటోళ్లం. నువ్వట్ల చేస్తలేవేంది బిడ్డా?"

"ఇప్పుడు కంపెనీలనే యాపనూనె పూసి పంపుతున్నరమ్మా. ఇగ కలుపుడెందుకు?"

"పూసినా సరే, మడిల నీళ్లుండంగ సల్లకు. పసిపిల్లకు దినం పాలన్నీ ఒక్కపారే తాపుతమా? పైరుకైనా అంతే. దానికి పట్టేటప్పుడు, పట్టేటంతే పెట్టాలె."

యాభై కిలోల యూరియాకు పది కిలోల వేపపిండి గానీ, 250 కిలోల తడి మట్టి గానీ కలిపి రెండు రోజులు ఉంచి చల్లాలన్న సలహా మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఇస్తూ వచ్చినదే. ఆ తల్లి దాన్ని చేతులతో చేసి నేర్చుకుంది. నీళ్ల గురించి ఆమె అన్న మాట ఎంత నిజమో నేను మడిలో దిగాక తెలిసింది.

కొడుకు తల్లి మాట విన్నాడు. పిలకలు వేసే దశలో గండి కొట్టి నీళ్లు తీసేశాడు. బురద పదునులో, ఎండ దిగాక మమ్మల్ని వెదజల్లాడు. రెండు రోజులాగి పలుచగా నీళ్లు పెట్టాడు. బురద తగలగానే కరిగిపోయాను. మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైము రెండు మూడు రోజుల్లోనే నన్ను అమ్మోనియంగా మార్చింది. అమ్మోనియానికి ధన విద్యుదావేశం ఉంటుంది, బంకమట్టికి రుణావేశం ఉంటుంది. అందుకే మట్టి నన్ను పట్టి ఉంచింది. వరి వేరుకు బాగా ఇష్టమైన నత్రజని రూపం కూడా అదే.

పక్క మడిలో అదే రోజు, నాతోపాటే పుట్టిన గింజల్ని మిట్టమధ్యాహ్నం నిలవ నీటిలో చల్లారు. వాటికీ వేప పూత ఉంది. అయినా అది వాటిని కాపాడలేకపోయింది. ఎండలో నీటిపాచి ఆహారం తయారుచేసుకుంటూ నీళ్లలోని బొగ్గుపులుసు వాయువును లాగేస్తుంది. దాంతో మధ్యాహ్నానికి మడి నీళ్ల క్షారగుణం బాగా పెరుగుతుంది. అలాంటి నీటిలో అమ్మోనియం నిలవదు, అమ్మోనియా వాయువై లేచిపోతుంది. వేపనూనె ఈ దారికి అడ్డుపడదు. ఈ దారిని మూయగలిగింది రైతు ఒక్కడే. నీళ్లు తీసి వేయడం, బురదలో కలిసేలా వేయడం, ఎండ తగ్గాక వేయడం అతని చేతిలోని పనులే.

నా పూత కాపలా కాసేది మరో దారిని. మడి అడుగు బురదకు ప్రాణవాయువు అందదు. పైన కొన్ని మిల్లీమీటర్ల పలుచని పొరకే అందుతుంది. ఆ పొరలో నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేటు చేస్తుంది. నైట్రేటును మట్టి పట్టుకోలేదు. అది కిందికి జారి, ప్రాణవాయువు లేని బురదలో నత్రజని వాయువుగా, నైట్రస్ ఆక్సైడుగా మారి ఎగిరిపోతుంది. నూరేళ్ల లెక్కలో నైట్రస్ ఆక్సైడు భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు. ఇసుక నేలల్లోనైతే నైట్రేటు నేరుగా ఇంకి బావుల్లోకి, బోర్లలోకి చేరుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. మించితే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. వేపగింజలోని చేదు పదార్థాలు ఆ మొదటి బ్యాక్టీరియాను మందగింపజేస్తాయి. ఆ వ్యవధిలో వేరు నన్ను అందుకుంటుంది.

ఇదే లక్ష్యంతో పుట్టిన బంధువులు నాకు ప్రపంచమంతటా ఉన్నారు. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మసుల్ షోల్స్‌లో టెనసీ వ్యాలీ అథారిటీ 1960లలో గంధకం పూసిన యూరియాను తీర్చిదిద్దింది. గంధకం పొరలోని సన్నని రంధ్రాల గుండా నీరు మెల్లగా లోపలికి పోయి నత్రజనిని కొద్దికొద్దిగా బయటికి తెస్తుంది. మన దేశంలో 2023లో యూరియా గోల్డ్ పేరుతో అలాంటిదే వచ్చింది. 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉంటాయి. గంధకం తగ్గిన నేలల్లో, వేరుశనగ వంటి నూనెగింజలకు అది రెండు విధాల మేలు చేస్తుంది.

జపాన్‌లో ప్లాస్టిక్ పొర తొడిగిన యూరియా ఉంది. నేల వెచ్చబడే కొద్దీ నత్రజనిని ఎక్కువగా వదులుతుంది. పైరు ఎదిగేదీ ఆ వేడిమితోనే కాబట్టి రెండూ జతగా నడుస్తాయి. ఒక్కసారి వేస్తే వరికి సీజనంతా సరిపోతుంది. అయితే ఖాళీ అయిన ప్లాస్టిక్ తొడుగులు మడి నీళ్లతో కాలువల్లోకి, సముద్రంలోకి చేరుతున్నాయి. అందుకే అక్కడి రైతు సంఘాలు 2030 నాటికి ప్లాస్టిక్ లేని దారి వెతుకుతున్నాయి. మట్టిలో కలిసిపోయే తొడుగుల మీదే ఇప్పుడు అందరి ఆశ.

బంగ్లాదేశ్ రైతులది వేరే మార్గం. మామూలు యూరియాను పెద్ద గుళికలుగా అదిమి, నాలుగు వరి కుదుళ్ల నడుమ ఒక్కొక్కటి చొప్పున 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతున బురదలో దింపుతారు. గుటి యూరియా అంటారు. లోతున ఉండడంతో మడి నీళ్లకూ ఎండకూ అది అందదు. మూడో వంతు దాకా యూరియా ఆదా అవుతుంది. ఒక్కో గుళికనూ చేత్తో దింపాలి, కూలి ఖర్చే దానికి అడ్డంకి.

ఏ బంధువును చూసినా నాకు ఒక్కటే తోస్తుంది. పూత ఎంత మంచిదైనా ఒకటో రెండో దారులే మూస్తుంది. మిగిలినవి వేసే చేతి మీద ఆధారపడతాయి. కొలత తప్పితే ఏ పూతా ఆదుకోదు. ఒక బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. డీఏపీ వేసి ఉంటే అందులోని 18 శాతం నత్రజనినీ లెక్కలో కలుపుకోవాలి. ఆ లెక్క వేయకుండా మరో బస్తా గుమ్మరిస్తే ఆకు నల్లపచ్చగా మారి కంటికి ఇంపుగా కనిపిస్తుంది. దాని వెనకే దోమపోటు వస్తుంది, అగ్గితెగులు వస్తుంది, చేను పడిపోతుంది. చౌకగా దొరికిన ఎరువుకు రైతు మందుల దుకాణంలో మళ్లీ డబ్బు కడతాడు.

ఈ ఆకులో నేను సూర్యరశ్మి సాయంతో పిండిపదార్థం తయారుచేసే ప్రొటీన్‌లో ఉన్నాను. వెన్ను తీశాక ఆకు నన్ను గింజకు పంపుతుంది. అప్పుడు బియ్యపు ప్రొటీన్‌నై ఎవరి పళ్లెంలోకో చేరతాను. నాలో ఆ దారి పట్టిన భాగానికి నేనెంతో కృతజ్ఞురాలిని. పొలం దాటి పోయిన భాగం గురించే నా విన్నపం.

ఆ ఇంట్లో మా బస్తాలు ఇంకా ఉన్నాయి. పైరులో వెన్ను అంకురించే దశ దగ్గర పడుతోంది. రైతన్నా, తర్వాతి బస్తా మూతి విప్పేముందు ఆకు రంగుల కార్డు పట్టి చూడు. ఆకు ఇంకా ముదురు పచ్చగా ఉంటే ఆగు. లేతబారితే నీళ్లు తీసి, బురద పదునులో, చెప్పిన మోతాదు మాత్రమే వెయ్యి. వేప తన పని తాను చేస్తుంది. మిగతా పని నీది. ఈ ఇద్దరి పనీ కలిస్తే రెండు బస్తాలు చేసే పనిలో చాలా మటుకు ఒకటిన్నర బస్తాతోనే సాధించవచ్చు. ఊరి నీళ్లూ బాగుంటాయి.