ఎలుకే ఎందుకమ్మా?

మా రోజుల్లో క్షయ ఉందో లేదో తేల్చడానికి గినీపిగ్ ఆరు వారాలు తీసుకునేది. ఇప్పుడు జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్‌లో కఫం పెడితే రెండు గంటల్లో రిపోర్టు. దానిమీద నాకేం కోపం లేదు, రోగికి మంచిదే. ఆ ఆరు వారాల్లో మాకు పట్టుబడిన చదువు ఈ కాలం పిల్లలకి ఎవరు చెప్తారన్నదే నా సణుగుడు.

జిల్లా మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబు మాది. రోగి మూత్రమో, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరో, వెన్నునుంచి తీసిన నీరో వచ్చేది. స్లైడు మీద ఎర్ర క్రిములు కనపడకపోతే అందులో కొంత క్షయ క్రిములు పెరిగే ఎల్‌జే మీడియం మీద వేసి, మిగిలింది గినీపిగ్ తొడ కండలోకి ఎక్కించేవాళ్లం. క్షయ క్రిములు గుప్పెడు పడినా తట్టుకోలేని జంతువది. 1882లో కోచ్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని లోకానికి చూపించినప్పుడూ సాక్ష్యం చెప్పింది ఎక్కువగా ఇదే. వారం వారం తూకం వేసేవాళ్లం. ముందు గజ్జల్లో బిళ్ల కట్టేది, ఆ తర్వాత బరువు తగ్గేది. గడువయ్యాక కోసి చూస్తే ఆ బిళ్లలో జున్నులాంటి పదార్థం, ఉబ్బిన ప్లీహం మీద పసుపుపచ్చ బొడిపెలు. ఒకసారి చూసినవాడు మరిచిపోడు.

ఇంకో సంగతి. మనలాగే గినీపిగ్ ఒంట్లో కూడా విటమిన్ సి తయారవదు. పచ్చిమేత నాలుగు వారాలు పడకపోతే స్కర్వీ పట్టి పోతుంది. అప్పుడు చంపింది క్షయా, స్కర్వీయా అంటే ఏం చెప్తాం? అందుకే మా అటెండరు పొద్దున్నే మార్కెట్టుకెళ్లి, దుకాణాలవాళ్లు ఒలిచి పారేసిన క్యాబేజీ పై ఆకులు సంచిలో వేసుకొచ్చేవాడు. లూసర్న్ గడ్డి దొరికిన రోజు వాటికి పండగ. ఆకులు కొన్నరోజు బిల్లు పెడితే, ప్రయోగశాలకి కూరగాయలెందుకని ఆడిట్‌లో అభ్యంతరం. జంతువు ఏం తింటుందో తెలియకుండా దానిమీద చేసిన ప్రయోగానికి విలువ లేదని ఆ ఆడిటరుకి చెప్పలేకపోయాం. ఇప్పటి స్కాలర్లకీ చెప్పలేకపోతున్నాం. వాళ్ల ఎలుకలకి మేత పెల్లెట్ల రూపంలో బస్తాల్లో వస్తుంది, బస్తా మీద లేబులుంటుంది, ఇంక చూసేదేముంది?

సరే, మేత సంగతి చిన్నది. ఏ క్రిమి గురించి ఏ జంతువుని అడగాలన్నది పెద్దది. కలరా చూడండి. కోచ్ అంతటివాడు 1884లో కలకత్తాలో కలరా క్రిమిని పట్టుకున్నాడు గానీ, దాన్ని జంతువులకిచ్చి మనిషికొచ్చినట్టు రోగం తెప్పించలేకపోయాడు. పెద్ద కుందేలుకి నోటిద్వారా పోస్తే ఏమీ కాదు. రక్తంలోకి ఎక్కిస్తే చస్తుంది, కానీ విరేచనాలుండవు. విరేచనాలు లేని కలరా ఏం కలరా? అలా దాదాపు డెబ్భై ఏళ్లు గడిచిపోయాయి. 1953లో అదే కలకత్తాలో శంభునాథ్ దే అనే డాక్టరు, కుందేలు కడుపు కోసి, చిన్నపేగులో ఒక ముక్కని రెండు వైపులా దారంతో కట్టి, ఆ మధ్యలోకి కలరా కల్చర్ ఎక్కించి, కడుపు కుట్టేశాడు. మర్నాడు తెరిచి చూస్తే ఆ ముక్క ఒక్కటే బియ్యం కడుగులాంటి నీళ్లతో పొంగి ఉంది. రోగం రక్తంలో కాదు, పేగులోనే ఉందని ఆ కుందేలు చెప్పింది. 1959లో క్రిములన్నీ వడగట్టేసిన ద్రవాన్ని ఎక్కించినా పేగు అలాగే పొంగిందని ‘నేచర్’ పత్రికలో రాశాడు. అంటే విషం క్రిమి బయటికి వదిలేది! ఆయన వాడినవేమిటి? ఒక కుందేలు, కాస్త దారం, బోలెడంత ఆలోచన. ఆయన బతికుండగా మన దేశంలో పెద్ద సన్మానమేదీ జరగలేదు, ఆ కోపం నాకిప్పటికీ ఉంది. ఆ మధ్యలోనే, 1955లో, బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో దత్తా, హబ్బు అనేవాళ్లు పాలు తాగే కుందేలు పిల్లలకి కలరా తెప్పించారు. పెద్ద కుందేలుకి రానిది పిల్లకి వస్తుందని ఎవరికి తడుతుంది, జంతువుల మధ్య మసలినవాడికి తప్ప?

కుష్ఠుదీ అదే కథ. ఆ క్రిమిని హాన్సెన్ 1873లోనే చూశాడు. ఎలుక అరికాల్లో పెంచవచ్చని షెపర్డ్ చూపించేసరికి 1960 వచ్చింది. ఆ క్రిమికి కావలసినట్టు ఒంట్లో చల్లగా ఉండే చోటు అది. ఎక్కించిన క్రిములు లెక్కకి రావాలంటే ఆరు నెలలు ఆగాలి. ఈ కాలంలో ఆరు నెలలు ఆగమంటే ఫెలోషిప్పు అయిపోతుందంటారు.

మా తమ్ముడి మనవరాలు హైదరాబాద్‌లో క్షయ మందుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. సెలవులకి వస్తే అడిగాను.

“ఏ జంతువమ్మా?”

“బాల్బ్-సి ఎలుకలు, తాతయ్యా.”

“ఎలుకే ఎందుకమ్మా?”

“అందరూ అదే వాడతారు.”

నాకు అక్కడ మండింది. ఆ ఎలుక ఊపిరితిత్తిలో మనిషికి వచ్చినట్టు జున్నులాంటి పదార్థం పట్టదు, పుళ్లు బోలుపడవు. మందు ఆ జున్నులోకి దిగుతుందా లేదా అన్నది ఆ ఎలుక ఎలా చెప్తుంది? మాక్సీఫ్లాక్సాసిన్ కలిపితే ఆరు నెలల వైద్యం నాలుగు నెలలకి దిగుతుందని ఎలుకలు ఆశపెట్టాయి. 2014లో మనుషుల మీద ఫలితాలొచ్చాక, నాలుగు నెలలు చాలవని తేలింది. అలాగని గినీపిగ్ మాట వేదవాక్కనీ అనను. 1960లో మద్రాసు రోగుల క్షయ క్రిములని గినీపిగ్‌లకి ఎక్కిస్తే, ఇంగ్లండు క్రిములకి పడిపోయినట్టు పడిపోలేదు. చాలావాటిని గినీపిగ్ తేలిగ్గా తట్టుకుంది. మరి ఆ రోగులకి జబ్బేం తక్కువ కాదే!

ఆ పిల్ల ఊరుకోలేదు. “పైరజినమైడ్ సంగతో, తాతయ్యా? మామూలు కల్చర్ గొట్టంలో పనిచేయదు కదా. పనిచేస్తుందని ముందు చెప్పింది ఎలుకే. రిఫాపెంటిన్‌తో మాక్సీఫ్లాక్సాసిన్ కలిపితే నాలుగు నెలలు సరిపోతాయని 2021లో తేలింది. ఆ దారి పట్టించిందీ ఎలుకే.” ఈ రెండూ నిజమే. తాతని అంత గట్టిగా నిలదీయడం కూడా మా రోజుల్లో లేదు.

అంతటితో ఆగక ఫోన్ తీసి వీడియో చూపించింది. జీబ్రాఫిష్ పిల్ల. ఒళ్లంతా గాజులా పారదర్శకం. క్షయ క్రిమికి దగ్గరి చుట్టమైన మరో క్రిమిని దానికెక్కిస్తే, రక్తకణాలు ఒక్కొక్కటే వచ్చి చుట్టుముట్టడం కళ్లెదుటే కనిపిస్తోంది. లలితా రామకృష్ణన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ చేపల్లోనే చూసి చెప్పిందట: కణాలు గుమిగూడి కట్టే ఆ ముద్ద క్రిమిని బంధించే గోడ అని మేం పుస్తకంలో చదివాం కదా, మొదటి రోజుల్లో అదే క్రిమి వ్యాపించడానికి సాయపడుతుంది. ఆరు వారాలాగి కోసినవాళ్లం మేము, చివరిది తప్ప మధ్యలో జరిగింది మాకెప్పుడూ కనపడలేదు. ఆ వీడియో మళ్లీ వేయమన్నాను. ఒకటికి రెండుసార్లు.

అనుమతుల సంగతి కూడా చెప్పాలి. మా రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. ఎన్ని గినీపిగ్‌లు కావాలంటే అన్ని. నొప్పి తెలియకుండా చంపారా అని అడిగే నాథుడే లేడు. జంతు ప్రయోగాల మీద 1998 నిబంధనలు వచ్చాక ప్రతి సంస్థలో ఎథిక్స్ కమిటీ, ప్రతి ప్రయోగానికీ దరఖాస్తు. ఆ ఫారాల గురించి నా సహోద్యోగులు చాలామంది సణిగారు. నేను సణగను. ఆ దరఖాస్తులో ‘ఈ జాతి జంతువునే ఎందుకు ఎంచుకున్నారు?’ అని ఒక ప్రశ్న ఉంది. ముఖ్యమైన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు మాత్రం పోయినేడు పక్క ల్యాబువాళ్లు పెట్టిన దరఖాస్తులోంచి దించేస్తారు.

మనవరాలి దరఖాస్తు తెప్పించి చూశాను. అక్కడ ‘ఈ నమూనా విస్తృతంగా వాడుకలో ఉంది’ అని ఒక్క వాక్యం. కొట్టేసి మళ్లీ రాయమన్నాను. పక్కగదిలోకెళ్లి రెండు గంటలు కూర్చుంది. తెచ్చి ఇచ్చినప్పుడు ఆ గడిలో పేజీన్నర ఉంది. జున్నుకట్టే జాతి ఎలుకలు వేరే ఉన్నాయట, మందు లోపలికి దిగేదీ లేనిదీ వాటిలో చూస్తానని రాసింది. మామూలు ఎలుకల్లో సగం గుంపులు తానే కొట్టేసింది. వాళ్ల గైడు ఒప్పుకుంటాడో లేదో.