ఎస్సు దొరతనమువారికి మహజరు

మహారాజరాజశ్రీ ఆంగ్ల వ్యాకరణ శాఖాధ్యక్షుల వారి దివ్యసముఖమునకు రాజమహేంద్రవరవాసి యగు ఒక ఉపాధ్యాయుడు అనేక నమస్కారములు గావించి విన్నవించుకొనునది ఏమనగా:

తమ చిరునామా ఎంత వెదకినను దొరకనందున ఈ లేఖను బహిరంగముగా వ్రాయవలసి వచ్చినది. ఫ్రెంచి భాషకు 1635 నుండి ఒక అకాడమీ కాపున్నది. తెలుగునకు 1858లో చిన్నయసూరిగారు బాలవ్యాకరణము వెలువరించి కట్టుదిట్టములు చేసిరి. ఇంగ్లీషునకు గూడ అట్టి పండితసభ యొకటి యుండవలెనని 1712లో జొనాథన్ స్విఫ్టు ప్రతిపాదించెను గాని, అది నేటికిని ఏర్పడలేదు. అధికారి లేని కచేరీ నుండి జుల్మానాలు మాత్రము క్రమము తప్పక వచ్చుచుండుట తమ ఏలుబడిలోనే చూచుచున్నాము.

మొదటి మనవి బహువచనమును గూర్చి. మాది గోదావరి డెల్టా. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు మా కాలువలలో పారునవి నీళ్లు, చేలలో పండునవి వడ్లు, పాడి యింట పితుకునవి పాలు. ఇవి యన్నియు మాకు నిత్యబహువచనములు. ఒక్క గేదె యిచ్చిన గ్లాసెడు పాలనైనను బహువచనముననే పలుకు ఇంట పుట్టిన బాలునితో, తమరు పాలును నీళ్లును లెక్కకు రాని ఏకవచనములని చెప్పించి, ఆ వెంటనే వాడు తొడిగిన ఒక్క ప్యాంటును, వాని తల్లి చేతిలోని ఒక్క కత్తెరను బహువచనములని వ్రాయించుచున్నారు. న్యూస్ అను మాట చివర ఎస్సు ధరించియు ఏకవచనమే. షీప్ అను మాట మందగా కదలినను షీపే. న్యాయముగా చెప్పవలెనన్న మా యింటను ఇట్టి వింతలు లేకపోలేదు: నుయ్యి నూతులగును, రాయి రాళ్లగును, చెయ్యి చేతులగును. అయినను వీనిని పరదేశపు పిల్లల ముందుంచి మేము మార్కులు కోయలేదు.

రెండవ మనవి స్వామ్యమును గూర్చి. బాయ్స్ అను ధ్వని వినబడినపుడు పలువురు బాలురా, ఒక్క బాలుని సొత్తా, బాలురందరి ఉమ్మడి సొత్తా యన్నది చెవికి తెలియదు. అపాస్ట్రఫీ అను చిన్న కొక్కెము ఎస్సునకు ముందు వ్రేలాడుచున్నదా, వెనుక వ్రేలాడుచున్నదా యని కంటితో చూచి తెలిసికొనవలెను. పోనీ, కొక్కెమున్న చోటనెల్ల సొత్తున్నదని నమ్ముదమన్న, ఇట్స్ అను మాట వద్ద ధర్మము తలక్రిందగును: సొత్తు చెప్పునపుడు కొక్కెము లేదు, సొత్తు లేనపుడు కొక్కెమున్నది! మా భాషలో ఇల్లు ఇంటి యగును, ఊరు ఊరి యగును, నుయ్యి నూతి యగును. నామము తన రూపమునే మార్చుకొని యజమానిని చూపును. తమ భాషలో పేరు చివరనే ఎస్సున్నచో దానిపై మరియొక ఎస్సు చేర్చవలెనా, కొక్కెము చాలునా యను విషయమున తమ పండితులే ఏకాభిప్రాయమునకు రాలేదు. మా ఊరివారు ఇన్నీసు అను దొర పేరునకు పేటను చేర్చి, ఇన్నీసుపేట యని పిలిచి, ఏ చిక్కును లేక కాపురములు చేసికొనుచున్నారు.

ఇక మూడవది మనవి కాదు, వాఙ్మూలము. కోటిపల్లి బస్సుస్టాండు చేరువలో కండక్టరు “ఒక లేడీసు దిగాలి, ఆపండి!” అని కేక వేయగా డ్రైవరు ఆపును, ఆ యమ్మ దిగును. హోటలులో సర్వరు “ఒక మీల్సు!” అని అరచినచో ఒక్క విస్తరియే వచ్చును గాని రెండు రావు. రైలును రైళ్లుగను, స్కూలును స్కూళ్లుగను, కారును కార్లుగను మార్చి మీ పదములను మా సూత్రములకు లోబరచితిమి. ఎస్సు ఉండగనే దానిపై మా బహువచనపు లువర్ణకము చేర్చి షూసులు, సాక్సులు అనుచున్నాము. ఇది ద్విగుణ దోషమని తమరు ఆగ్రహింతురేమో! తమ చిల్డ్రన్ అను మాట మాత్రమేమి? పూర్వపు బహువచనము మీద మరియొక బహువచన ప్రత్యయము వచ్చి కూర్చుండగా పుట్టినదే గదా!

స్వదేశమున సైతము తమ ఆజ్ఞ సడలుచున్నదని వినుచున్నాము. 2009లో బర్మింగ్‌హామ్ నగరపాలకులు వీధి పలకల నుండి అపాస్ట్రఫీని తొలగించిరి. దాని రక్షణకై 2001లో సంఘము స్థాపించిన పెద్దమనిషి 2019లో అజ్ఞానమును సోమరితనమును గెలిచినవని చెప్పి సంఘమును మూసివేసెను. మా నగరమున అంతకు నూరేండ్ల ముందు 1919లో, వీరేశలింగము పంతులుగారి అధ్యక్షతను, వాడుకభాష పక్షమున ఒక సమాజము వెలసినది. ఈ జాబును గ్రాంథికమున వ్రాయుచున్న నేనును ఆ పక్షము గెలిచినదని ఒప్పుకొనక తప్పదు.

కావున మా ప్రార్థన ఇది: పిల్లవాడు వ్రాసిన వాక్యములో సొత్తెవరిదో, మనుష్యులెందరో చదువరికి స్పష్టముగా తెలిసినచో, కొక్కెము తప్పినదని మార్కు కోయకుడు, అర్థము చెడిన చోట మాత్రము నిస్సంకోచముగా కోయుడు. ఇంతకు మించి మేము కోరునది లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
రాజమహేంద్రవరవాసి