పావుగంట మాతృత్వం

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు ప్రపంచ తల్లిపాల వారోత్సవాల పేరిట కార్యాలయాల్లో తల్లిపాలకు జరిగే సన్మానాన్నీ, ఆ పాలు గల తల్లికి ఆగస్టు 8 నుంచి అదే కార్యాలయంలో జరిగే మర్యాదనూ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే, పాలు ఒకచోట, తల్లి మరొకచోట పుడతారని మన యాజమాన్యాలు నమ్ముతున్నాయన్న నిర్ధారణకు రాక తప్పదు. బిడ్డలకు తల్లిపాలు అందేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత అని చాటుతూ 1990లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో వెలువడిన ఇన్నొచెంటి ప్రకటనకు గుర్తుగా 1992లో మొదలైన ఈ వారోత్సవాలు, 2015లోనూ 2023లోనూ ఉద్యోగం చేసే తల్లులనే ముఖ్యాంశంగా ఎంచుకున్నాయి. ఆ ఏడు రోజులూ తల్లిపాలు అమృతమని నోటీసు బోర్డు ఘోషిస్తుంది, మానవ వనరుల విభాగం గులాబి రంగు బ్యానరు కడుతుంది, ఏ బిడ్డకూ ఏనాడూ పాలు పట్టి ఎరగని అధికారి ఒకరు ముర్రుపాల మీద, అంటే కాన్పు కాగానే వచ్చే చిక్కటి పసుపుపచ్చని తొలిపాల మీద, అరగంట ఉపన్యసిస్తారు. ఎనిమిదో రోజున చంటిబిడ్డ తల్లి ఒకతె ఆ అమృతాన్నే సీసాలో పట్టి, పేరు రాసిన చీటీ అంటించి, ఆఫీసు ఫ్రిజ్‌లో సాంబారు డబ్బా పక్కన పెడితే, "ఇదెవరు పెట్టారిక్కడ?" అన్న విచారణ మొదలవుతుంది.

చట్టం ఈ విషయంలో నోరు మెదపలేదని ఎవరూ అనలేరు. కాన్పు తర్వాత పనిలో చేరిన స్త్రీకి, మామూలు విశ్రాంతి వేళకు అదనంగా, బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు, అంటే జీతంలో కోత లేకుండా బిడ్డకు పాలు పట్టుకునే వ్యవధి, ఇచ్చి తీరాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 11వ సెక్షను శాసించింది. ఒక్కో విరామం ఎంతసేపన్నది నిబంధనలకు వదిలిపెట్టగా, గనులకూ సర్కసులకూ కేంద్ర ప్రభుత్వం 1963లో చేసిన నిబంధనలు దానిని 15 నిమిషాలుగా తేల్చి, బిడ్డ ఉన్నచోటికి పోయి రావడానికి 5 నిమిషాలకు తగ్గకుండా, 15 నిమిషాలకు మించకుండా మరికొంత కలిపాయి. (సర్కసు అనే మాటను వ్యంగ్యం కోసం ఇక్కడ చొప్పించలేదు, అది ఆ నిబంధనల పేరులోనే ఉంది, వ్యంగ్య రచయితలకు ఆ శ్రమ తప్పించిన ఘనత శాసనకర్తలదే.) అంతకు 44 ఏళ్ల ముందే, 1919లో, వాషింగ్టన్‌లో సమావేశమైన అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 3వ ఒడంబడికలో పాలిచ్చే తల్లికి పనివేళల్లోనే రెండు అరగంటలు ఇవ్వాలని రాసిపెట్టింది. భారతదేశం ఆ ఒడంబడికకు కట్టుబడతానని మాట ఇవ్వలేదు కనుక, వాషింగ్టన్‌లో బయలుదేరిన అరగంట మన గనులకూ గుడారాలకూ చేరేసరికి పావుగంట అయింది.

ఆ పావుగంటలో ఏం జరగాలో శరీరశాస్త్రం వివరంగానే చెబుతుంది. రొమ్ములో పాలు తయారు కావడానికి ప్రోలాక్టిన్ అనే హార్మోను, తయారైన పాలు బయటికి రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను పనిచేస్తాయి. ఈ రెండోదాని వల్ల జరిగేదే పాలు చేపడం. కొత్త మనిషి వచ్చి అదిలిస్తే గేదె సైతం చేపదని పాలేరుకు తెలుసు గాని, మేనేజ్‌మెంట్ పట్టాలు పుచ్చుకున్నవారికి ఇది ఇంకా చేరవలసిన విజ్ఞానం. ఆదుర్దా, బిడియం, తలుపు అవతల అడుగుల చప్పుడు, ఇవన్నీ చేపుకు అడ్డుపడేవే. పైగా రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు ఊరతాయి, నిండుగా ఉండిపోతే ఊరడం తగ్గుతుంది. క్లయింటుతో సమావేశం ముగిసేదాకా కాస్త ఆగమని పాలకు మెయిలు పంపే వీలు లేదు. పంపినా, రొమ్ము గడ్డకట్టి సలుపుతోనూ జ్వరంతోనూ జవాబు వస్తుంది. వైద్యులు మాస్టైటిస్ అనే ఆ వాపు, హాజరు పట్టికలో మాత్రం సిక్ లీవుగానే నమోదవుతుంది.

ఈ చిక్కుకు ఆధునిక సంస్థ కనిపెట్టిన పరిష్కారం తల్లుల గది. రిబ్బను కత్తిరించి, ఫొటో తీసి, ఆ ఫొటోను వార్షిక నివేదికలో సమానత్వం గురించిన పేజీలో అచ్చు వేసేదాకా ఆ గది నిజంగానే తల్లులది. ఆ తర్వాత చక్రం ఊడిన కుర్చీలు, కాలం చెల్లిన మానిటర్లు, కిందటి దీపావళి తోరణాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఇంటి అప్పు గురించి బ్యాంకువారితో ఫోనులో గట్టిగా మాట్లాడుకోవలసిన సహోద్యోగులకు అంతకన్నా ప్రశాంతమైన చోటు దొరకదు. లోపల గడియ ఉండదు, భద్రతా నియమాలు ఒప్పుకోవు. ప్లగ్గు పాయింటు ఉంటుంది గాని, కుర్చీకి ఎదురుగోడకు. కుళాయి అడిగితే బాత్రూము పక్కనే ఉంది కదా అంటారు. బిడ్డ భోజనం సిద్ధం చేసుకోవడానికి బాత్రూము చాలునని సెలవిచ్చే సంస్థ, ఉన్నతాధికారుల భోజనాల బల్లను మాత్రం ఇంకా అక్కడికి తరలించలేదు.

తాళంచెవి సెక్యూరిటీ బల్ల దగ్గర ఉంటుంది, దానికొక రిజిస్టరు ఉంటుంది. పేరు, ఉద్యోగి సంఖ్య, తాళం తీసుకున్న వేళ, తిరిగి ఇచ్చిన వేళ, ఆ పక్కన "కారణం" అనే గడి. తల్లుల గది తాళం తల్లికి ఎందుకన్న ఈ తాత్విక ప్రశ్నకు రోజుకు రెండుసార్లు, తన వెనక వరుసలో నిలబడ్డ కొరియర్ కుర్రవాడి ఎదుట, ఆమె లిఖితపూర్వకంగా సమాధానం చెప్పాలి. సాధారణంగా "పర్సనల్" అని రాస్తారు. లిఫ్టు కోసం నిలబడడం, సంతకం, చేతులు కడుక్కోవడం, పాలు పిండే పంపు భాగాలను ఒకదానికొకటి బిగించడం పూర్తయ్యేసరికి పావుగంటలో సగం పోతుంది. పంపుతో పాలు తీయడానికే మామూలుగా 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది, తీశాక సీసాకు మూత పెట్టాలి, పంపు కడగాలి, పాలను ఫ్రిజ్‌లో పెట్టాలి, గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలకు మించి ఉంచరాదు. పావుగంట నిబంధన రాసినవారు పాలు పట్టడాన్ని పంచ్ కార్డు గీకడంతో సమానమైన క్రియగా భావించి ఉంటారన్నదే ఉదారమైన వివరణ.

ఉత్పాదకత వాదం ఇక్కడే రంగప్రవేశం చేస్తుంది. ఒక ఉద్యోగిని రోజుకు రెండుసార్లు కుర్చీ వదిలితే సంస్థకు ఎన్ని పనిగంటలు నష్టమో ఎక్సెల్ పట్టికలో లెక్కగట్టే మేధావులు, క్యాంటీనులో టీ, దాని వెనక మెట్ల కింద సిగరెట్టు, దాని వెనక నిన్నటి క్రికెట్టు మ్యాచి మీద సమీక్ష కలిసి మింగే గంటలకు పట్టికలో గడి కేటాయించరు. దానిని టీమ్ బిల్డింగ్ అంటారు, అంటే బృందస్ఫూర్తి నిర్మాణం.

2017 సవరణతో సర్వం చక్కబడిందని చెప్పేవారూ ఉన్నారు. ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగిన మాట నిజం. బిడ్డకు ఆరు నెలలపాటు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టవద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాతో ఈ అంకె చక్కగా సరిపోయే మాటా నిజమే. అయితే అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు గనుక, డాక్టరు మంచం దిగవద్దన్న తల్లికి కాన్పు తర్వాత మిగిలేవి 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. ఇద్దరు బిడ్డలున్నాక పుట్టే మూడో బిడ్డకు మొత్తం 12 వారాలే. మూడో బిడ్డ ఆకలి మొదటి బిడ్డ ఆకలిలో సగానికన్నా తక్కువన్న ఈ సిద్ధాంతానికి వైద్యగ్రంథాల్లో ఆధారం వెతకడం వృథా.

అదే సవరణ 50 మంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థా శిశు సంరక్షణ కేంద్రం, అందరూ క్రెష్ అనేది, నడపాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునేందుకు అనుమతించాలనీ చెప్పింది. గచ్చిబౌలిలో ఆఫీసు, కూకట్‌పల్లిలో ఒప్పందం కుదుర్చుకున్న క్రెష్ అయితే, నాలుగు రాకపోకల తర్వాత ఆఫీసులో మిగిలే పనివేళ ఎంతో ఊహించుకోవచ్చు. శాసనసభ్యులు చట్టాన్ని సవరించగలిగారు గాని ట్రాఫిక్‌ను సవరించలేకపోయారు. కర్మాగారాల సంగతి ఇంకా విచిత్రంగా ఉండేది. 30 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట క్రెష్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విధించడంతో, పసిపిల్లలను కాపాడవలసిన ఆ వాక్యమే 31వ స్త్రీని ఉద్యోగంలోకి తీసుకోకపోవడానికి యజమానికి ఒక కారణాన్ని చేతికందించింది.

శిశువుల పోతపాల పొడి ప్రకటనలను భారతదేశం 1992 నాటి చట్టంతో నిషేధించింది. తల్లిని మభ్యపెట్టి డబ్బాపాలు కొనిపించే బొమ్మలు డబ్బా మీద సైతం ఉండకూడదు. మంచి చట్టమే. కాని సమావేశాల వరుస, తాళంచెవి రిజిస్టరు, పైఅధికారి చేతి గడియారం వైపు చూసే చూపు కలిసి ఆ డబ్బాను తల్లి చేత కొనిపిస్తున్నప్పుడు, ఏ ప్రకటనా అంత సమర్థంగా ఆ పని చేయలేదని పాలపొడి కంపెనీలు ఒప్పుకోవాలి. పైసా ఖర్చు లేని ప్రచారమది.

తల్లుల గదుల విషయంలో మహారాష్ట్ర ఉదాహరణ ప్రత్యేక అధ్యయనానికి తగినది. అక్కడ పాలిచ్చే గదులకు హిర్కణి కక్ష అని పేరు. రాయగఢ్ కోటలో పాలమ్మడానికి వెళ్లిన హిర్కణి, పొద్దుగూకగానే కోట తలుపులు మూసేయడంతో, కింద ఊళ్లో ఆకలితో ఏడుస్తున్న చంటిబిడ్డ కోసం చీకట్లో నిలువు కొండచరియ పట్టుకుని దిగిపోయిందనీ, ఆ సాహసానికి మెచ్చిన శివాజీ ఆమె దిగినచోట బురుజు కట్టించాడనీ జానపద గాథ. అంటే తల్లికి దక్కిన సత్కారం, ఆమె బిడ్డను చేరిన ఒకే ఒక్క దారిని రాతితో మూసేయడం. నియమం ప్రకారం తలుపు మూసేసి, ఆపైన తల్లి త్యాగాన్ని కీర్తించే పరిపాలనా సంప్రదాయానికి ఇంతకన్నా తగిన పేరు పెట్టడం కష్టం. 2022 డిసెంబరులో నాగపూర్ శాసనసభ సమావేశాలకు పసిబిడ్డను ఎత్తుకొచ్చి వార్తల్లోకెక్కిన ఎమ్మెల్యే సరోజ్ అహిరే, 2023 ఆరంభంలో ముంబయి సమావేశాలకు వచ్చినప్పుడు, విధాన భవన్‌లోని హిర్కణి కక్ష దుమ్ముకొట్టుకుని ఉందనీ, బిడ్డను ఉంచే స్థితిలో లేదనీ వాపోయారు. శాసనాలు చేసే భవనంలో శాసనసభ్యురాలికే చీపురు పట్టని గది దక్కితే, కాల్ సెంటరులో రాత్రి షిఫ్టు చేసే అమ్మాయి గడియ అడగడం కాస్త అత్యాశే.

ఇంతా చేసి ఈ గొడవ గది అడగగలిగినవారిది. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీస్తూ తీసిన కాయల తూకానికి కూలి అందుకునే తల్లికి, ఏడాదిలో 80 రోజులు ఒకే యజమాని దగ్గర పనిచేసినట్టు మేస్త్రీ చేత రాయించుకుంటే గాని ప్రసూతి చట్టం పలకదు. ఆ ఘాటు అంటిన చేతులతో బిడ్డను ఎత్తుకోవడమెలాగో ఏ నిబంధనా చెప్పదు. ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు కల్పించామని 2017 సవరణ గర్వంగా చెప్పుకుంటుంది గాని, నిజామాబాదు బీడీ కార్మికురాలు తరాలుగా ఆ వెసులుబాటును అనుభవిస్తూనే ఉంది, చాటలో పొగాకు, ఒడిలో బిడ్డ. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కొంచెం నయం: ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకుమించి పని స్థలానికి వస్తే, వారిని చూసుకునేందుకు ఒక కూలి స్త్రీని కూలి ఇచ్చి నియమించాలంది. నాలుగో బిడ్డ వరకు ఆయా పని చెట్టు నీడదే.

అయినా కార్యాలయాలు నిరుత్సాహపడవు. రెండు మూడు నెలలు రిజిస్టరులో "పర్సనల్" అని రాసి రాసి విసిగిన ఉద్యోగిని, రాజీనామా పత్రంలోనూ కారణం అన్నచోట అదే మాట రాసి వెళ్లిపోతుంది. మానవ వనరుల విభాగం ఆ పత్రాలను వరుసగా పేర్చి, గ్రాఫు గీసి, పిల్లలు పుట్టాక స్త్రీలకు ఉద్యోగం మీద ఆసక్తి తగ్గుతోందన్న పరిశోధనా ఫలితాన్ని ప్రకటిస్తుంది. ఆ ఆసక్తిని పెంపొందించేందుకు మార్చి 8న ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు స్ఫూర్తి శిబిరం ఏర్పాటు చేసి, మధ్యాహ్నం పది నిమిషాల టీ విరామం తప్ప ఎవరూ హాలు వదిలి బయటికి వెళ్లరాదని ఆహ్వానపత్రం అడుగున చిన్న అక్షరాలతో ముద్రిస్తుంది.