కూడితే పన్నెండొందలు

చిన్న ఆఫీసుకి నమ్మకమైన రౌటర్ కావాలని వెళ్తే దుకాణంలో కుర్రాడి మొదటి ప్రశ్న: “నాలుగు యాంటెన్నాలదా, ఆరుదా సార్?”

గోడలెన్ని, మనుషులెందరు? అవి అడగడు.

డబ్బా మీద బంగారు అంకెల్లో 1200.
అదెలా వచ్చిందంటారా?
2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సెకనుకు 300 మెగాబిట్లు. 5 గిగాహెర్ట్జ్‌లో 867.
కూడితే 1167.
మిగతా 33? పండగ బోనస్!

మీ ఫోను మామూలుగా ఒకసారికి ఒక బ్యాండే పట్టుకుంటుంది లెండి. 60 మీద పోయే బస్సునీ 40 మీద పోయే ఆటోనీ కూడి ‘గంటకు వంద’ అని టికెట్ కొట్టినట్టు.

ఇంకా ఉంది. వెనకవైపు తీగ గుచ్చే పోర్టు, చాలా చవక మోడళ్లలో, 100 మెగాబిట్లదే. లోపలికొచ్చేదే వంద, గాల్లోకి వదిలేది పన్నెండొందలు. ఇంత లాభసాటి వ్యాపారం చిట్‌ఫండ్లలో కూడా లేదు.

“సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నాళ్లిస్తారు బాబూ?”
“వారంటీ మూడేళ్లు సార్.”
అడిగింది ఒకటి, అందింది ఒకటి. పోనీ, బిల్లు మాత్రం సరిగ్గానే ఇచ్చాడు.

చివరికి మా ఆఫీసు ఓనరుగారు ఆరు యాంటెన్నాలదే కొన్నారు. ఖరీదైన సరుకు, ఎవరైనా ఎత్తుకుపోతారని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. సిగ్నల్ కూడా భద్రంగా లోపలే ఉంది.

సెట్టింగుల పాస్‌వర్డ్ మాత్రం కంపెనీ పెట్టిందే: ‘అడ్మిన్’.