తెల్ల కవచం తగాదా

1976 నాటి మాట. లండన్ శివార్లలో ట్వికెన్‌హామ్ అనే చోట ఆండ్రూ ఐన్స్‌వర్త్ ప్లాస్టిక్ అచ్చుల పని చేసుకునేవాడు. చిన్న పడవల్లాంటి సరుకు తీసేవాడు. అతని స్నేహితుడు నిక్ పెంబర్టన్‌ది సినిమాలకి సరంజామా చేసిచ్చే పని. అప్పటికింకా ఎవరూ పేరు వినని ఒక సినిమాలో సైనికులకి తల నుంచి గడ్డం దాకా కప్పేసే హెల్మెట్లు కావాలన్నారు. చిత్రకారుడు రాల్ఫ్ మెక్వారీ వేసిన బొమ్మలు ముందు పెట్టుకుని పెంబర్టన్ మట్టితో ఒకటి మలిచాడు. మట్టి తలకాయ బాగానే కుదిరింది. మరి నటుల నెత్తికెక్కేలా దాన్ని ప్లాస్టిక్‌లోకి దించేదెవరు? ఐన్స్‌వర్త్ ఉన్నాడుగా!

ఇది చూడ్డానికి తేలికైన పనే, చేసేవాడికే దాని సంగతి తెలుస్తుంది. ప్లాస్టిక్ షీటుని చట్రంలో బిగించి వేడి చేస్తారు. కాసేపటికి అది మెత్తబడి, దండెం మీద తడి దుప్పటిలా నడుమ జారి వేలాడుతుంది. అదే అదను. తొందరపడితే అచ్చు గీతలు షీటులోకి దిగవు, ఆలస్యమైతే షీటు చిరుగుతుంది. అచ్చు మీదికి దించి, అచ్చుకున్న సన్నటి బెజ్జాల్లోంచి గాలి లాగేస్తే ప్లాస్టిక్ దాన్ని గట్టిగా కరుచుకుని చూస్తుండగానే బిగుసుకుపోతుంది. లోతు ఎక్కువున్న చోట సాగి పల్చనవుతుంది. ఎక్కడైనా లోపలికి తిరిగిన ఒంపుందంటే ఇక అచ్చు మీంచి ఊడిరాదు. మనిషి తలకేమో నెత్తి వెడల్పు, మెడ సన్నం. అందుకే హెల్మెట్టు ఒక్క ముక్కగా రాదు. ముఖం ఒకటి, నెత్తీ వెనక భాగమూ కలిపి ఒకటి, చెవులు రెండు. ఇన్నీ విడివిడిగా తీసి, అంచులు కోసి, అతకాలి. నుదుటి మీద కనిపించే నల్ల రబ్బరు పట్టీని మనం అలంకారం అనుకుంటాం. దాని అసలు ఉద్యోగం అతుకు కనపడనీయకపోవడం.

ఇంట్లో సొంతంగా కవచం చేసుకునే అభిమానులు ఈనాటికీ పడే తంటా ఇదే. వంటింటి ఓవెన్‌లో షీటు మెత్తబెట్టి, ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టంతో గాలి లాగిస్తారు. కాలిన ప్లాస్టిక్ వాసనకి ఇంట్లోవాళ్ళు ఏమంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఐన్స్‌వర్త్ తీసిన నమూనాలు దర్శకుడు జార్జ్ లూకాస్‌కి చూపించారు. ఆయన సరేనన్నాక 50 హెల్మెట్లు తయారయ్యాయి. ఒంటి మీది కవచాన్ని బ్రయన్ మ్యూర్ అనే శిల్పి మట్టితో మలిచాడు, దాన్నీ ప్లాస్టిక్‌లో దించారు. 1977లో 'స్టార్ వార్స్' విడుదలైంది. ఆ తెల్ల సైనికులు లోకమంతటికీ తెలిసిపోయారు. హెల్మెట్టు లోపలున్నవాళ్ళకి మాత్రం ఎదురుగా ఏముందో సరిగ్గా కనపడేది కాదట. ఒక సైనికుడు గుమ్మానికి తల కొట్టుకోవడం ఇప్పటికీ సినిమాలో చూడొచ్చు.

తర్వాత పాతికేళ్ళకి పైగా గడిచిపోయింది. 2004లో ఐన్స్‌వర్త్ పాత సామాను బయటికి తీసి, హెల్మెట్లూ కవచాలూ మళ్ళీ చేసి అమ్మకానికి పెట్టాడు. కొన్ని అమెరికాకి కూడా పోయాయి. అక్కడ అమ్మిన సరుకు విలువ మహా అయితే 30,000 డాలర్లు. లూకాస్ కంపెనీ అమెరికాలో దావా వేసింది. ఐన్స్‌వర్త్ అక్కడ అసలు విషయం మీద వాదనకి దిగలేదు. 2006లో కాలిఫోర్నియా కోర్టు 2 కోట్ల డాలర్లు కట్టమంది. కంపెనీ ఆ తీర్పు చంకన పెట్టుకుని లండన్ కోర్టు మెట్లెక్కింది.

ఐన్స్‌వర్త్ తగ్గే మనిషి కాదు. హెల్మెట్టుకి ఆ రూపం ఇచ్చింది నేనే, కాపీరైటూ నాదే అని ఎదురు దావా వేశాడు. పెంబర్టన్ మట్టిలోనే ఆ రూపం ఉందని చెప్పి లండన్ కోర్టు జడ్జి మాన్ ఆ దావా కొట్టేశారు. ఐన్స్‌వర్త్ లాయర్ల దగ్గర ఇంకో వాదన సిద్ధంగానే ఉంది: అసలిది కళే కాదు, శిల్పం అంతకన్నా కాదు! ఒకే కేసులో ఒకే మనిషి నోట ఇది నా సృష్టి అనీ, ఇందులో సృష్టి ఏముంది అనీ రెండూ వినపడ్డాయన్నమాట. కోర్టుల్లో ఇలాంటివి మామూలే అనుకోండి.

కేసంతా ఈ మెలిక మీదే నిలబడింది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం శిల్పమైతే చేసినవాడి జీవితకాలం, ఆ పైన 70 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. వాడుక వస్తువైతే ఆ రక్షణ కొద్ది ఏళ్ళలోనే చెల్లిపోతుంది. మరి ఏది శిల్పం? పాత తీర్పులు తిరగేస్తే తమాషాగా ఉంది. శాండ్‌విచ్ కాల్చే మిషను పలకల కోసం చేసిన ప్లాస్టర్ నమూనాలని 1985లో ఇంగ్లండ్ జడ్జి ఒకాయన శిల్పాలేనని తేల్చారు. రొట్టెముక్క ఆకారానికి దక్కిన గౌరవం ఈ హెల్మెట్టుకి దక్కదా అని మనబోటివాళ్ళం అడుగుతాం. జడ్జి మాన్ ఆ పాత తీర్పుని అంతగా మెచ్చలేదు.

ఆయన 2008 నాటి తీర్పులో ఇటుకల పోలిక ఒకటి తెచ్చారు. ఇటుకల కుప్పని టేట్ మోడర్న్ గ్యాలరీలో రెండు వారాలు ప్రదర్శనకి పెడితే అది శిల్పం అవుతుంది. అవే ఇటుకలు, అంతే కుప్ప, ఇల్లు కట్టేందుకు మన వాకిట్లో రెండు వారాలు పడుంటే కాదు. వస్తువు మారలేదు, దాన్ని ఎందుకోసం పెట్టారన్నదే మారింది. హెల్మెట్టు సినిమా అవసరానికి చేసిందే కాబట్టి వాకిట్లో ఇటుకల వరసలోకే పోయింది.

అప్పీళ్ళు నడిచాయి. 2011 జులైలో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. కళాఖండం అనేది ఉంటే అది సినిమా, హెల్మెట్టు ఆ సినిమా తీయడంలో వాడుకున్న ఒక సామాను. అమెరికా కాపీరైటు ఉల్లంఘన మీద ఇంగ్లండ్ కోర్టులోనే విచారణ జరపొచ్చని చెప్పి లూకాస్ కంపెనీకి కొంత ఊరట మాత్రం ఇచ్చారు. బ్రిటన్‌లో అమ్ముకోవడానికి ఐన్స్‌వర్త్‌కి ఇక అడ్డు లేదు. లాయర్లు బల్లగుద్ది వాదించి, తమ కక్షిదారు చేతిపనిలో కళ లేదని మూడు కోర్టుల్లో ఒప్పించారు. ఆయన నెగ్గాడు.

రెండేళ్ళు గడిచాయి. 2013 అక్టోబరులో లండన్‌లోని పేరుమోసిన సాచీ గ్యాలరీలో 'ఆర్ట్ వార్స్' అని ఒక ప్రదర్శన పెట్టారు. డేమియన్ హర్స్ట్ లాంటి హేమాహేమీలైన కళాకారులు తలా ఒక హెల్మెట్టు తీసుకుని, దాన్ని తమకి తోచినట్టు మార్చి ఇచ్చారు. జనం వచ్చి చూసి వెళ్ళారు. కళాకారులకిచ్చిన ఆ వట్టి హెల్మెట్లు ఎవరివనుకున్నారు? ఐన్స్‌వర్త్‌వే. 1976 నాటి అచ్చుల్లోంచి తీసినవే.